అడిగేవారిని బట్టి జవాబు

మానసిక వైద్య పరిశోధనలో రోగి పాత్ర ఏమిటి? కొలవబడే వస్తువుగా మిగిలిపోవడమేనా, కొలబద్దను నిర్ణయించడంలో కూడా పాలు పంచుకోవడమా? పాతికేళ్ల క్రితం లండన్ నగరంలో జరిగిన ఒక పరిశోధన ఈ ప్రశ్నకు విస్పష్టమైన సమాధానం చెప్పింది.

ఏ మానసిక వైద్యశాలలోనైనా కనిపించే దృశ్యమే ఇది. చికిత్స ముగిసింది. ఇంటికి వెళ్లడానికి బట్టల సంచీ సర్దుకుని రోగి మంచం అంచున కూర్చుని ఉన్నది. డాక్టరుగారు వచ్చి, చేతిలోని కాగితం వైపు చూస్తూ, "ఎలా ఉందమ్మా? గుణం కనిపించిందా?" అని అడుగుతారు. "బాగానే ఉందండీ" అంటుంది ఆమె. కాగితం మీద ఒక గుర్తు పడుతుంది. రోగి సంతృప్తి చెందినట్లు లెక్క తేలుతుంది.

ఆమె చెప్పినది అబద్ధం కాదు. కాని అది పూర్తి నిజమని కూడా అనలేము. తనను ఇంటికి పంపే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో ఆయనే ఎదుట నిలబడి అడిగినప్పుడు, మర్యాద కొంత, కృతజ్ఞత కొంత, భయం కొంత కలిసి ఆ రెండు మాటలను పలికిస్తాయి. అదే మనిషిని ఆరు నెలల తరువాత, ఆమె ఇంటి అరుగు మీద తీరుబడిగా కూర్చుని, ఒకనాడు అదే చికిత్స పొందిన మరొక స్త్రీ పలకరిస్తే అదే జవాబు వస్తుందా?

రాదు. లండన్ పరిశోధన తేల్చినది స్థూలంగా ఇదే. అది ఒక చికిత్సను గురించి ఎన్నో ఏళ్లుగా సాగుతున్న వివాదంలోంచి పుట్టింది.

వైద్యుల మాట, రోగుల మాట

ఆ చికిత్స మనందరికీ పేరు తెలిసినదే. వైద్యులు దానిని 'ఇ.సి.టి.' అంటారు, జనం 'షాక్ ట్రీట్‌మెంట్' అంటారు. మెదడు గుండా కొద్ది క్షణాలపాటు విద్యుత్తును పంపి, మూర్ఛ వంటి స్థితిని కలిగించడం దీని పద్ధతి. 1938లో రోము నగరంలో ఉగో చెర్లెట్టి, లూచియో బీనీ అనే ఇద్దరు వైద్యులు దీనిని మొదటిసారిగా మనిషిపై ప్రయోగించారు. ఆ రోజులలో మత్తుమందు లేదు. కండరాలను సడలించే మందు లేదు. మూర్ఛ తీవ్రతకు ఎముకలు విరిగిన సందర్భాలు కూడా ఉండేవి. తరువాతి దశాబ్దాలలో మత్తుమందు, సడలింపు మందు వచ్చిన మీదట చికిత్స రూపమే మారిపోయింది. అన్నం నీళ్లు మాని, ప్రాణం మీదికి తెచ్చుకున్న తీవ్ర విషాద రోగులు దీనివల్ల తేరుకోవడం వైద్యులు కళ్లారా చూసినదే.

వివాదం దాని ప్రయోజనం గురించి మాత్రమే కాదు, దానికి చెల్లించే మూల్యం గురించి. చికిత్స పొందినవారిలో పలువురు, తమ జ్ఞాపకాలు కొన్ని తుడిచిపెట్టుకుపోయాయని, అవి తిరిగి రాలేదని చెబుతూ వచ్చారు. చికిత్సకు ముందు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు, బతుకు పుస్తకంలోంచి చినిగిపోయిన పుటల వలె మాయమైనాయని వారి గోడు. వైద్యులు పరీక్షలు పెట్టి చూశారు. కొన్ని పదాలు చదివి వినిపించి అప్పగించమన్నారు; బొమ్మలు చూపి గుర్తుపట్టమన్నారు. కొన్ని వారాలకు ఆ శక్తి మునుపటి స్థితికి వచ్చినట్లే కనిపించింది. అందువల్ల జ్ఞాపకశక్తికి చెప్పుకోదగిన నష్టం లేదని నిర్ణయానికి వచ్చారు. బ్రిటన్‌లోని మనోవైద్యుల రాయల్ కాలేజి రోగుల కోసం ప్రచురించిన సమాచారంలో, ఈ చికిత్స పట్ల నూటికి ఎనభై మందికి పైగా సంతృప్తితో ఉన్నారని, జ్ఞాపకశక్తి లోపం వైద్యపరంగా ముఖ్యమైనది కాదని పేర్కొనబడింది.

ఇక్కడొక సూక్ష్మం ఉన్నది. కొత్త పదాలను నేర్చుకునే శక్తి వేరు, గడచిన జీవితాన్ని తలచుకునే శక్తి వేరు. మొదటిది తిరిగి వచ్చినంత మాత్రాన రెండవది పోలేదని చెప్పడానికి వీలులేదు. పరీక్ష మొదటిదానిని కొలిచింది. రోగి రెండవదానిని గురించి ఫిర్యాదు చేశాడు. రోగి ఫిర్యాదును పరీక్ష తాకనే లేదు.

రోగులే పరిశోధకులైన వేళ

లండన్‌లోని కింగ్స్ కాలేజికి చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో 2001లో ఒక చిన్న విభాగం ఏర్పడింది. దాని పేరు సర్వీస్ యూజర్ రీసెర్చ్ ఎంటర్‌ప్రైజ్. మానసిక వైద్య సేవలను స్వయంగా పొందినవారే అందులో పరిశోధకులు. వారిని ముందుకు నడిపిన డయానా రోజ్ అనే విదుషి తన గతాన్ని ఏనాడూ దాచుకోలేదు. ఆమె సామాజిక శాస్త్రాలలో శిక్షణ పొంది, విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, 1980లలో మానసిక అస్వస్థత కారణంగా ఉద్యోగానికి దూరమైన వ్యక్తి. కొన్నేళ్లపాటు రోగిగా జీవించి, ఆ అనుభవాన్నే అర్హతగా మార్చుకుని పరిశోధనా రంగంలోకి తిరిగి అడుగుపెట్టారు. తరువాతి కాలంలో అదే కాలేజిలో, రోగులు నడిపే పరిశోధనకు ఆచార్యులయ్యారు.

బ్రిటిష్ ఆరోగ్యశాఖ విద్యుత్ చికిత్సను గురించి రెండు సమీక్షలు కోరింది. చికిత్స ఎంతవరకు పనిచేస్తున్నదో, ఎంతవరకు సురక్షితమో తేల్చే పని ఒక వైద్య శాస్త్రజ్ఞుల బృందానిది. చికిత్స పొందినవారు దానిని గురించి ఏమనుకుంటున్నారో తేల్చే పని డయానా రోజ్ బృందానిది. ఈ రెండవ బృందంలో చికిత్సను స్వయంగా అనుభవించినవారు ఉన్నారు; వారితో కలిసి టిల్ వైక్స్ వంటి అనుభవజ్ఞులైన శాస్త్రజ్ఞులూ పనిచేశారు.

వారు కొత్తగా ఎవరినీ ప్రశ్నించలేదు. అంతవరకు జరిగిన అధ్యయనాలన్నింటినీ సేకరించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశారు. మొత్తం 35 అధ్యయనాలు. వాటిలో 26 వైద్యులు చేసినవి. 9 రోగులు స్వయంగా గాని, వారి సహకారంతో గాని జరిగినవి. వీటికి తోడు, చికిత్స పొందినవారు తమ మాటలలో చెప్పుకున్న అనుభవ కథనాలను కూడా చదివారు. 2003 జూన్‌లో ఆ సమీక్ష బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది.

ఒకే చికిత్స, ఒకే విధమైన రోగులు. అయినా వైద్యుల అధ్యయనాలలో సంతృప్తి ఎక్కువగా కనిపించింది. రోగుల అధ్యయనాలలో తక్కువగా కనిపించింది. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని సరిపెట్టుకోవడం తేలిక. ఆ బృందం అంతటితో ఆగలేదు. ప్రతి అధ్యయనంలోనూ ప్రశ్న ఎప్పుడు అడిగారు, ఎక్కడ అడిగారు, ఎవరు అడిగారు, ఎన్ని ప్రశ్నలు అడిగారు అని ఆరా తీసింది. చికిత్స ముగిసిన వెంటనే, ఆస్పత్రి ఆవరణలోనే, వైద్యుడే, రెండు మూడు ప్రశ్నలతో ముగించిన చోట సంతృప్తి ఎక్కువ. కాలం గడిచిన తరువాత, ఆస్పత్రికి వెలుపల, వివరంగా అడిగిన చోట సంతృప్తి తక్కువ. మొదట మనం చూసిన 'బాగానే ఉందండీ' వెనుక ఉన్న రహస్యం ఇదే.

ఇక జ్ఞాపకశక్తి మాట. ఎవరు చేసిన అధ్యయనమైనా సరే, ఈ విషయాన్ని పట్టించుకుని అడిగిన చోటల్లా, దాదాపు మూడింట ఒక వంతు లేదా అంతకంటె ఎక్కువ మంది తమ జ్ఞాపకాలలో శాశ్వతమైన వెలితి ఏర్పడిందని చెప్పారు. అధ్యయనాన్ని బట్టి ఈ సంఖ్య నూటికి 29 నుంచి 55 వరకు ఉన్నది. నూటికి ఎనభై మంది తృప్తి చెందారనే ప్రకటనకు, జ్ఞాపకశక్తి లోపం ముఖ్యమైనది కాదనే అభిప్రాయానికి ఆధారం లేదని సమీక్షకులు నిర్మొహమాటంగా రాశారు.

సంతకం చేసిన చేయి

ఆ బృందమే 2005లో మరొక వ్యాసం ప్రచురించింది. ఈసారి విషయం అంగీకారం. చికిత్సకు ముందు రోగి ఒక పత్రం మీద సంతకం చేస్తాడు. ఆ సంతకం ఉంటే రోగి ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నట్లు చట్టం భావిస్తుంది. వాస్తవంలో రోగులలో సుమారు సగం మంది మాత్రమే తమకు చికిత్సను గురించి తగినంతగా వివరించారని చెప్పారు. సంతకం చేసినవారిలో సైతం దాదాపు మూడింట ఒక వంతు మంది, తాము స్వేచ్ఛగా అంగీకరించినట్లు భావించడం లేదన్నారు.

ఈ సంగతి గణాంకాల పట్టికలో అంత సులభంగా దొరకదు. ఎందుకంటే పట్టికలో సంతకం ఉన్నదా లేదా అన్నదే కనిపిస్తుంది. సంతకం చేస్తున్నప్పుడు చేయి వణికిందా అన్నది కనిపించదు. దానిని అడగాలని తోచాలంటే, ఏనాడో ఒకప్పుడు తానూ అటువంటి కాగితం ముందు కూర్చుని ఉండాలి. అనుభవం పరిశోధనకు అందించే సాయం ఇక్కడే ఉన్నది. అది ఇతరులకు తట్టని ప్రశ్నను తట్టేలా చేస్తుంది.

ఇంతకూ ఫలితం ఏమైంది? వైద్య శాస్త్రజ్ఞుల బృందం కూడా 2003లోనే తన నివేదిక ఇచ్చింది. తీవ్ర విషాద రోగంలో ఈ చికిత్స స్వల్పకాలానికి బాగా పనిచేస్తుందని, బహుశా మందులకంటె మిన్న అని ఆ నివేదిక తేల్చింది. రెండు నివేదికలూ పరస్పరం శత్రువులు కావు. ఒకటి లాభాన్ని కొలిచింది, మరొకటి నష్టాన్ని చెప్పింది. రెండింటినీ త్రాసులో పెట్టిన బ్రిటన్ జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ 'నైస్' 2003లో కొత్త సూచనలు జారీ చేసింది. ఇతర చికిత్సలు ఫలించనప్పుడు, లేదా ప్రాణాపాయం ఉన్నదనుకున్నప్పుడు, తీవ్రమైన లక్షణాలను త్వరగా ఉపశమింపజేయడానికి మాత్రమే ఈ చికిత్సను వాడాలన్నది వాటి సారాంశం. ఇంగ్లండు, వేల్సులకు వర్తించే 2007 నాటి మానసిక ఆరోగ్య చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్న రోగి వద్దంటే, అత్యవసర పరిస్థితిలో తప్ప, ఈ చికిత్స ఇవ్వరాదని శాసించింది.

మతి తప్పినవారి మాట సాక్ష్యమా?

ఇటువంటి పరిశోధనలకు ఎదురయ్యే మొదటి ఆక్షేపణ చాలా పాతది. మనసు అదుపు తప్పినవారి మాటను ప్రమాణంగా ఎట్లా తీసుకోవడం?

ఈ ప్రశ్నతో పోరాడినవారిలో జాన్ పర్సివల్ ఒకడు. హత్యకు గురైన ఏకైక బ్రిటిష్ ప్రధానమంత్రి స్పెన్సర్ పర్సివల్ కుమారుడతడు. 1830లలో దాదాపు మూడేళ్లపాటు పిచ్చాసుపత్రులలో నిర్బంధింపబడి, కోలుకుని బయటికి వచ్చి, తాను చూసినదంతా గ్రంథస్థం చేశాడు. అతని వంటివారు కలిసి 1845లో రోగుల హక్కుల కోసం ఒక సంఘాన్ని స్థాపించారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన క్లిఫర్డ్ బీర్స్, ఆస్పత్రులలో తాను పడిన బాధలను 1908లో పుస్తకంగా ప్రచురించాడు. మరుసటి ఏడాదే అక్కడ మానసిక ఆరోగ్యం కోసం జాతీయ సంఘం ఒకటి ఏర్పడింది. వారి మాటను లోకం విన్నది. కాని కన్నీటి కథగా విన్నదే తప్ప శాస్త్రంగా వినలేదు. లండన్ బృందం సాధించిన మార్పు ఇక్కడే ఉన్నది. వారు తమ అనుభవాన్ని శాస్త్రం గుర్తించే పద్ధతుల ద్వారా, శాస్త్రం చదివే పత్రికలో, శాస్త్రజ్ఞుల ఎదుట పరీక్షకు పెట్టారు.

ఆ పరీక్షకు మరొక వైపు నుంచి కూడా సమాధానం వచ్చింది. అమెరికాలో విద్యుత్ చికిత్సా రంగంలో అగ్రగణ్యుడైన హెరాల్డ్ సాకైమ్, ఆయన సహచరులు న్యూయార్కు నగర ప్రాంతంలోని ఏడు ఆస్పత్రులలో 347 మంది రోగులను పరిశీలించి, 2007లో తమ ఫలితాలను ప్రకటించారు. చికిత్స ముగిసిన ఆరు నెలలకు కూడా కొందరిలో సొంత జీవితానికి సంబంధించిన జ్ఞాపకాలలో లోపం మిగిలే ఉన్నది. విద్యుత్తును తలకు రెండు వైపుల నుంచి పంపే పద్ధతిలో ఆ నష్టం ఎక్కువ. రోగులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదానిని కొలబద్ద చివరకు అందుకున్నది. పద్ధతి మారిస్తే నష్టం తగ్గుతుందని తెలియడం వైద్యులకూ లాభమే.

రెండవ ఆక్షేపణ మరింత ఆలోచించదగినది. పరిశోధనలో పాల్గొనడానికి ముందుకు వచ్చేవారు చదువుకున్నవారు, మాట నేర్చినవారు, బహుశా ఆగ్రహించినవారు. నోరు లేని రోగికి వారు ప్రతినిధులెట్లా అవుతారు? ఇది న్యాయమైన సందేహమే. కాని పరిశోధక వైద్యుడు కూడా వైద్యులందరికీ ప్రతినిధి కాడు; అతనిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. రోగిని రోగే ప్రశ్నించినప్పుడు సేవల పట్ల అసంతృప్తి ఎక్కువగా బయటపడుతుందని 2002లో వెలువడిన మరొక సమీక్ష కూడా గమనించింది. ఆ అసంతృప్తిలో ఎంత నిజం, ఎంత చనువు అన్నది నిర్ణయించడానికి ఇద్దరూ అడగాలి. ఒక్కరే అడిగితే పోల్చి చూసుకునే అవకాశమే ఉండదు.

మూడవ ప్రమాదం పైకి కనిపించనిది. సంఘంలో ఒక రోగిని సభ్యుడిగా వేసి, సమావేశంలో చివరి కుర్చీ చూపి, టీ ఇచ్చి పంపేసి, 'రోగుల భాగస్వామ్యం' జరిగిందని నివేదికలో రాసుకోవడం. అమెరికన్ రచయిత్రి షెరీ ఆర్న్‌స్టీన్ 1969లో, పాలనలో పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించింది. అడుగున ఉన్నవి భాగస్వామ్యమే కాని మెట్లు; నడుమ ఉన్నవి సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం; పై మెట్లలో మాత్రమే అధికారం నిజంగా చేతులు మారుతుంది. మానసిక వైద్య పరిశోధనలో పాలుపంచుకునే రోగులు సాధారణంగా నడిమి మెట్ల మీదనే ఆపివేయబడతారు. ప్రశ్నలు తయారైన తరువాత పిలిచి, 'వీటిలో భాష సరిగా ఉన్నదా చూడండి' అనడం భాగస్వామ్యం కాదు. ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించే రోజున పిలవడం భాగస్వామ్యం. చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వడం, మధ్యలో జబ్బు తిరగబెడితే సెలవు దొరకడం, తిరిగి వచ్చినప్పుడు కుర్చీ ఖాళీగా ఉండడం కూడా అందులో భాగాలే.

మన దేశంలో

మన దేశానికి ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు; అయితే ఇక్కడ తలుపు మొదట తెరుచుకున్నది కుటుంబానికి. 1950లలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్, రోగుల బంధువులను గేటు బయటే నిలిపివేయక, ఆవరణలో డేరాలు వేయించి రోగులతోపాటు ఉండనిచ్చాడు. రోగిని గురించి కుటుంబం నేర్చుకున్నది. కుటుంబాన్ని గురించి ఆస్పత్రి నేర్చుకున్నది. తరువాత వెల్లూరు, బెంగుళూరు ఆస్పత్రులలో కూడా కుటుంబంతో కలిసి చికిత్స చేసే పద్ధతి వేళ్లూనింది.

ఐతే కుటుంబం మాట, రోగి మాట ఎల్లవేళలా ఒకటే కావు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగిన అగ్నిప్రమాదంలో, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక సజీవ దహనమయ్యారు. వారిని అక్కడికి చేర్చినవారు చాలావరకు సొంత బంధువులే. వారిలో ఎందరో వేరే దారి తోచక చేర్చినవారే. తమను కట్టివేయవచ్చునా అని ఆ రోగులను మాత్రం అడిగినవారు లేరు.

ఆ దుర్ఘటన దేశాన్ని కదిలించింది. మత్తుమందు లేకుండా షాక్ ఇచ్చే పద్ధతిని నిషేధించాలని కోరే వ్యాజ్యం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పుణె నగరంలో 1999లో బాపు ట్రస్టును స్థాపించిన భార్గవి దావర్, తన తల్లి ఆస్పత్రులలో అనుభవించిన వేదనను మనసులో ఉంచుకుని, రోగుల గొంతు వినిపించడానికే పరిశోధనను సాధనంగా చేసుకున్నారు. చివరకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చి, మత్తుమందు, కండరాల సడలింపు మందు లేకుండా విద్యుత్ చికిత్స ఇవ్వడాన్ని నిషేధించింది. మైనర్లకు ఇవ్వాలంటే సంరక్షకుల అంగీకారంతోపాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి ఉండాలన్నది. ఆరోగ్యంగా ఉన్న రోజులలోనే, జబ్బు చేస్తే తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కును కల్పించింది.

ఈ చట్టంలో మన కథకు నేరుగా సంబంధించిన అంశాలు మరి రెండు ఉన్నాయి. మొదటిది, సమీక్షా బోర్డులో రోగానుభవం కలవారికి, సంరక్షకులకు, లేదా వారి సంస్థల ప్రతినిధులకు స్థానం ఇవ్వడం. రెండవది, 99వ సెక్షను: మానసిక రోగిపై ఏ పరిశోధన జరపాలన్నా, కేవలం ప్రశ్నలు అడగాలన్నా సరే, అతని స్వేచ్ఛాయుతమైన, విషయం తెలిసిన అంగీకారం పొందాలి.

ఇది మొదటి మెట్టు. అంగీకారం అడగడమంటే, ఎవరో తయారుచేసిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి అనుమతి కోరడం. ప్రశ్నను కలిసి తయారుచేయడం దానికి పైమెట్టు. గుజరాత్‌లో 2014 నుంచి కొన్ని ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 'క్వాలిటీ రైట్స్' పద్ధతిలో సేవల నాణ్యతను బేరీజు వేశారు. ఆ కార్యక్రమంలో రోగానుభవం కలవారు తోటివారికి సహాయకులుగా నిలిచారు. దేశంలో మానసిక రుగ్మతలున్నవారిలో నూటికి ఎనభై మందికి పైగా చికిత్సకే నోచుకోవడం లేదని 2015-16 జాతీయ సర్వే తేల్చింది. ఆస్పత్రి గడప తొక్కనివారు ఎందుకు తొక్కలేదో, ఒకసారి తొక్కినవారు మళ్లీ ఎందుకు రాలేదో చెప్పగలవారు వైద్యులు కారు. ఆ సంగతి తెలిసినవారు ఇళ్లలో ఉన్నారు.

మళ్లీ ఆ మంచం అంచున కూర్చున్న స్త్రీ దగ్గరకు వద్దాం. ఆమె జబ్బు నయం కావడం ఆమెకూ ముఖ్యమే, డాక్టరుగారికీ ముఖ్యమే. కాని ఇంటికి వెళ్లిన తరువాత, తన బిడ్డ తొలి అడుగులు ఆమెకు గుర్తున్నాయా లేదా అన్నది డాక్టరుగారి కాగితంలో లేని ప్రశ్న. ఆ ప్రశ్నను కాగితంలోకి ఎక్కించగలవారు ఆమె వంటివారే. వారికి పరిశోధకుల బల్ల దగ్గర ఒక కుర్చీ వేయడం దయ కాదు. ఆ కుర్చీ లేనంత కాలం శాస్త్రం తన లెక్క తానే తప్పు వేసుకుంటూ ఉంటుంది.